పడవకు ఆది జాకెట్టు

ఆ మూట ముందు కింద పెట్టమ్మణ్ణీ. గడపలో నిలబడి, చంకలో మూటతో, ఎవురో తరిమితే వచ్చినదాని మాదిరి మాట్లాడతావేంది? కూచో. ఆ స్టూలు మీద కాదు, అది నా మాదిరే, చూసేదానికి నిలబడే ఉంటాది గానీ బరువు పెడితే తెలుస్తాది. అదో, ఆ ట్రాక్టరు సీటు మీద కూచో. నేను కుట్టిందే. ఒక పక్కకు ఒరుగుతాది, భయపడబాకు, దాని మీద నుంచి పడిపోయినోళ్ళు ఇంతవరకూ లేరు, పడబోయినోళ్ళే. ఆ, ఇప్పుడు చెప్పు. ఉదయగిరి టైలరు పాల్ కూతురివి గదా నువ్వు, సుజనవి. నువ్వు చెప్పకపోయినా నీ ముక్కు చెప్తాండాది. సోమశిల డ్యాముకు కొత్త రబ్బరు పడవ వచ్చిందంట, పాతదానికంటే పెద్దదంట, దానికి ఎండ తగలకుండా పైన గుడ్డ తొడుగు కుట్టే పని నీకిచ్చినారంట. జాకెట్లు కుట్టే నీ మిషన్ ఆ మందం పట్టలో సూది దించలేకపోతాండాదంట. అందుకని ఈ ఆత్మకూరు మాల్యాద్రి కాడ లారీ పట్టలు కుట్టే దున్నపోతు మిషన్ ఉండాది గదా, దాని మీద కుట్టుకోనిస్తాడేమో అడుగుదామని బస్సెక్కినావు. అంతే గదా? సరే. ఇస్తానో ఇవ్వనో తర్వాత మాట. ముందు మీ నాయన సంగతి తేలాల. ‘మా నాయనంటే మీకెందుకు పెదనాయనా అంత కోపం’ అంటావా? కోపం కాదు తల్లీ. కోపమైతే పొద్దున వచ్చి సాయంత్రానికి పోతాది. ఇది కుళ్ళు. ఆవకాయ మాదిరి, జాడీలో పెట్టి మూత బిగించేకొద్దీ ఊరతాది.

పోయి పదేళ్ళయినోడి మీద ఎవురన్నా కుళ్ళుకుంటారా అని నవ్వుతాండావు. నవ్వు, నవ్వు. లోపల వంటింట్లో మీ పెద్దమ్మ కూడా నవ్వుతాండాది, గిన్నెల చప్పుడు ఆగిపోయిందంటే చెవి ఇటు పెట్టిందనే. ఏమే శీనమ్మా, పాల్ కూతురు వచ్చింది, టీ పెట్టు. చూసినావా, పాల్ అనంగానే ‘పెడతాండా’ అని ఎంత గెమ్మున పలికిందో! అదే నేను నాకు కావాలన్నాననుకో, ముందు పాలు లేవంటాది, తర్వాత గ్యాస్ లేదంటాది. ఇదంతా ఎక్కడ మొదలయిందో చెప్తా విను. మాకు పెళ్ళయిన కొత్త. నేనప్పుడే ఈ పనిలోకి దిగినా. దిగినా అంటే ఎవురూ నేర్పలేదు, ఒక లారీ సీటు చినిగితే కుట్లన్నీ విప్పి చూసినాను, మళ్ళా కుట్టినాను, కుట్టినాక రెండు గుడ్డముక్కలు మిగిలినాయి. ఎట్టా మిగిలినాయో ఇప్పటికీ నాకు తెలవదు. ఆ విద్యతో పెళ్ళానికి జాకెట్టు కుడతానని బయల్దేరినా. అప్పుడు నాకు తెలిసిందల్లా లారీ పట్టకు వేసే రెండు వరసల కుట్టు. అదే వేసినా. గట్టిగా ఉండాల గదా! వేసుకోని గుడికి పోయింది. పోయి, చేతులెత్తి దణ్ణం పెట్టుకోలేకపోయింది! మోచెయ్యి పైకి లేస్తే గదా! ఇంటికొచ్చి ఒకటే మాట, ‘ఇది జాకెట్టా, గోతమా?’ అనింది. ఆ మరుసటి రోజే బస్సెక్కి ఉదయగిరి పోయింది, వాళ్ళ పిన్ని ఊరు గదా. ఆ పిన్ని తీసుకోని పోయి మీ నాయన కొట్టు ముందర నిలబెట్టింది. అంతే, ఆ రోజు నుంచి ఈ ఇంట్లోకి నా కుట్టు రాలేదు. ఊరంతా తిరిగే లారీలకి నేను కుట్టాల, ఇంట్లో ఉండే మనిషికి ఉదయగిరోడు కుట్టాల. మగోడికి ఇంతకంటే పరువు తక్కువ ఏముండాది చెప్పు?

మీ నాయన షోకు నీకు గుర్తుండాదా? అప్పటికి నువ్వు చిన్నదానివి. మీసానికి రంగు, తెల్ల చొక్కా, మెళ్ళో టేపు పెద్దాసుపత్రి డాక్టరు మాదిరి. టేపు వేసుకోనే చర్చికి పోయేవాడంట గూడా! క్రిస్మస్ వస్తే చర్చిలో ముందు వరసలో నిలబడి, పక్కనోళ్ళ గొంతు వినపడకుండా పాడేవాడంట. అణకువ అనేది ఆ మనిషికి కుట్టలేదులే దేవుడు. కొట్టుకు ఎవురన్నా గుడ్డ తెస్తే ముందు చేత్తో నిమిరి, కళ్ళు మూసుకోని, ‘అక్కా, ఈ గుడ్డ నా కోసమే నేసినారక్కా’ అనేవాడు. అందరికీ అదే మాట. మా శీనమ్మకు మాత్రం తనొక్కదానికే చెప్పినాడని ఇప్పటికీ నమ్మకం. కత్తెర పెట్టేముందు ‘దేవునికి స్తోత్రం’ అనేవాడు, కత్తెర దించేవాడు, ఇంక ఆగేది లేదు, నీళ్ళలో చేప పోయినట్టు పోయేది. నేను కత్తెర పెట్టేముందు ఏమంటానో తెలుసా? ‘పోతే పోయిందిలే’ అంటా. ఇంకోటి, కొట్టుకొచ్చిన ప్రతి ఆడమనిషినీ ముందు అడిగేది ‘ఆది తెచ్చినావా అక్కా?’ అని. ఆది జాకెట్టు, అదే కొలతకు తెచ్చే పాత జాకెట్టు, లేకుండా టేపు ముట్టుకునేవాడు కాదు. ‘టేపు అంకెలు చెప్తాది, ఆది మనిషిని చెప్తాది’ అనేవాడు. ఆ మాట మా శీనమ్మ ఇంటికొచ్చి నాకు అప్పజెప్పింది, అన్నం పెడతా. ఆ పూట అన్నం దిగలేదు నాకు. మాట బాగుండాది, అదీ నా బాధ. పిచ్చి మాటయితే ఇంకో ముద్ద ఎక్కువ తినుండేవాణ్ణి.

సరే, పడవ కాడికి వస్తా. రాకుండా యాడికి పోతాలే. సోమశిల నీళ్ళలోకి మొదటి రబ్బరు పడవ వచ్చిన ఏడు. వరదలొచ్చినప్పుడు మనుషుల్ని గట్టుకు చేర్చేదానికి తెప్పించినారు. పక్కల రెండు లావు గొట్టాలు, గాలి కొడితే అరటి బోదెల మాదిరి ఉబ్బుతాయి, ముందర ముక్కు పైకి లేచి ఉంటాది. దాన్ని చూసుకునే ఆయన పేరు నాగేంద్రబాబు, మంచోడే, కంగారు మనిషి. వచ్చిన వేసవిలోనే ఎండకు ఆ రబ్బరు జిగట జిగటగా అయిపోయింది, చెయ్యి పెడితే అంటుకుంటాది. పైగా ఆ గట్టు నిండా తుమ్మముళ్ళు. ‘ఇట్టాగే వదిలేస్తే వరదొచ్చే నాటికి ఈ పడవ ఎక్కినోళ్ళను కాపాడేదానికి ఇంకో పడవ తేవాల’ అని, పైవాళ్ళు దానికి ఒక తొడుగు కుట్టించమన్నారంట. ఆయన ఆత్మకూరు వచ్చి, బస్టాండులో విచారిస్తే, పట్టల మాల్యాద్రి అని నన్ను చూపించినారు. ‘కుట్టగలవా?’ అన్నాడు. నేను తొమ్మిది చక్రాల లారీకి... నవ్వుతావేంది, తొమ్మిదే, ఒకటి పంచరయింది ఆ రోజు... లారీకే కుట్టినోణ్ణి, పడవ ఒక లెక్కా అన్నాను. పడవనేది నేను దగ్గర్నుంచి చూసింది లేదు. అయినా నా ఆశ నాది. నాకు కావల్సింది ఒకటే సుజనమ్మా, అప్పుడూ ఇప్పుడూ ఒకటే. నా కుట్టు చూసి శీనమ్మ ‘బాగుండాది’ అనాల. ఒక్కసారి. పాల్‌గాడి జాకెట్టు చూసినప్పుడల్లా అంటాదే, అద్దం ముందర అటు తిరిగి ఇటు తిరిగి, అట్టా. ఇది గాని కుదిరిందంటే ఇంక ఉదయగిరి బస్సు ఎక్కదు అనుకున్నా.

పొద్దున్నే మొదటి బస్సుకు పోయినా. ఎండెక్కక ముందే కొలుచుకోని వచ్చేద్దామని. తెలివి! పడవ గట్టు మీద పెట్టుండారు, ముందురోజు గాలి కొట్టింది, చల్లగా ఉండాది, వేలితో నొక్కితే కొంచెం దిగబడతాండాది. చేప పొట్ట మాదిరి మెత్తగా. నేను టేపు పెట్టి కొలిచినా, పొడుగు ఇంత, లావు ఇంత, ముక్కు ఇంత. వచ్చి కుట్టినా. ఎట్టా కుట్టినా? లారీ పట్ట ఎట్టా కుడతానో అట్టా. లారీ మీద పట్ట కొంచెం వదులుందనుకో, ఘాట్ రోడ్డు గాలికి పటపట కొట్టుకోని పీలికలయిపోతాది. అందుకని మా పనిలో ఒకటే సూత్రం, బిగించు, ఇంకా బిగించు, డప్పు మాదిరి మోగాల. ఆ సూత్రమే పడవకు పెట్టినా. అంచుకు మాత్రం, చెప్పుకోకూడదు గానీ, నా పనితనమంతా ధారపోసినా. మైనం పట్టించిన దారం, రెండు వరసల కుట్టు, జానెడు జానెడుకి ఒక ఇత్తడి రింగు దిగగొట్టి, రింగు చుట్టూ మళ్ళా చేత్తో కుట్టు. ఏనుగును కట్టినా ఊడదు. తీసుకోని పోయి, మళ్ళా పొద్దున్నే, తొడిగినా. తాళ్ళు బిగించినా. అబ్బా, చేతికి గ్లౌజు తొడిగినట్టు కూచుంది. నాగేంద్రబాబు ఫోటో తీసినాడు. నన్ను పక్కన నిలబెట్టి తీసినాడు! నేను పైపంచె సర్దుకోని, పడవ మీద చెయ్యేసి, ఎద్దును కొన్నోడి మాదిరి నిలబడినా.

అంతటితో ఇంటికి రావాల గదా? రాలేదు. ఎందుకంటే శీనమ్మకు క్యారేజీ తెమ్మని కబురు పెట్టుండా. అన్నం కోసం కాదు. చూడాలని. మధ్యాన్నం అనంతసాగరం కాడ ఆటో దిగి, ఇంకో ఆటో ఎక్కి వచ్చింది. ఎండ నెత్తిన మండతాండాది, గట్టు మీద బండలు కాలతాండాయి. మీ పెద్దమ్మ గొడుగు వేసుకోని, క్యారేజీ పట్టుకోని పడవ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. నేను ఆ నోటి వంక చూస్తాండా. నోరు తెరిచింది. ఏదో అనబోయింది. నిజంగా అనబోయింది, నేను చూసినా! అప్పుడు ‘టప్’ మనింది. ఏందది అనుకునే లోపల ఇంకోటి, ‘టప్, టప్’. పొద్దున మెత్తగా ఉన్న పడవ ఆ ఎండకు లోపల గాలి కాగి, వరసగా ఉబ్బుకోని వస్తాండాది. ఇడ్లీ ఉబ్బినట్టు. నేను డప్పు మాదిరి బిగించుంటినే, అది యాడికి పోవాల? నడిమి కుట్లన్నీ ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా విడిపోతా పోయినాయి. నాగేంద్రబాబు ‘విప్పండి, విప్పండి, పడవ పగులుతాది’ అని అరస్తాండాడు. నేను విప్పుదామంటే తాళ్ళు బిగిసిపోయి ముళ్ళు రావడంలేదు, అంత బాగా వేసినా ముళ్ళు. చివరకు తాళ్ళను కత్తితో కోసినారు. లారీ మీద మిరపకాయ బస్తాలు ఎండకు ఉబ్బవమ్మా, ఇంకా చిక్కుతాయి! ఆ సంగతొక్కటే నాకు తెలుసు. గాలి ఉబ్బుతాదని ఎవురు చెప్పినారు నాకు? సైకిలు టైరు మధ్యాన్నం పూట పేలడం వందసార్లు చూసినా, అప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

అందరూ నన్ను చూస్తాండారు. అంతలో వెనక నుంచి ఒక గొంతు, మెల్లగా, ‘సార్, ఉదయగిరిలో పాల్ అని ఒకాయన ఉండాడు సార్. వంపులు తెలిసిన మనిషి’. ఎవురు? నా పెళ్ళాం! క్యారేజీ పట్టుకోని! నా అన్నం క్యారేజీ పట్టుకోని! భూమి చీలాల, నేను దిగిపోవాల. సోమశిల కట్ట కాబట్టి భూమి గట్టిది, చీలలేదు. ఏమే, అన్నావా లేదా ఆ మాట? చూడు, ‘అన్నా, అయితే ఏంది’ అంటాండాది లోపల్నుంచి. ఇన్నేళ్ళయినా ఒక్క పిసరు తగ్గదు.

మీ నాయన వచ్చినాడు. నేరుగా సోమశిల పోవచ్చు గదా, పోడు. ఆత్మకూరులో దిగి, మా ఇంటికొచ్చి, ‘మాల్యాద్రన్నా, నీ ఊరి పనికి నేనొచ్చినా, ఏమీ అనుకోబాకన్నా’ అన్నాడు. ఎంత మర్యాద! మర్యాద లేనోడయితే తిట్టుకోని తృప్తి పడుందును. ఆ తృప్తి గూడా లేకుండా చేసినాడు. కాఫీ తాగి, మీసం తుడుచుకోని, శీనమ్మను అడిగినాడు. ‘అక్కా, పడవకు ఆది లేదక్కా. ఆది లేకుండా కత్తెర పెట్టను. నేనే ఒకటి చేసుకోవాల. బాగా కట్టి కట్టి మెత్తబడిన పాత చీర ఒకటి ఉంటే ఇస్తావా, వంపుకు వంగాల అది’ అన్నాడు. మాట ఇంకా నోట్లోనే ఉండాది, మీ పెద్దమ్మ పెట్టె తెరిచింది. చిలకపచ్చ చీర తీసింది. వెంకటగిరి చీర, సన్న జరీ. మొదటి బిడ్డ పుట్టినప్పుడు నేను కొనిపెట్టింది! మడత విప్పి చేతికిచ్చేసింది. ఇప్పుడు ఒక సంగతి విను. అంతకు ముందు రోజే నేను మిషన్ నూనె తుడుచుకునేదానికి ఒక పాత గుడ్డ అడిగినా. పాత గుడ్డ! చీర కాదు! ‘నీ లుంగీతో తుడుచుకో’ అనింది. నా లుంగీతో! అదీ ఈ ఇంట్లో లెక్క.

నేనూ వెంటబడి పోయినా సోమశిలకు. ఎందుకా? తప్పు పట్టేదానికి. ఇంకేముండాది నాకు పని. మీ నాయన పొద్దున పడవను ముట్టుకోలేదు. తుమ్మచెట్టు నీడన కూచోని పాటలు పాడినాడు. ‘కొలవవా?’ అన్నా. ‘ఆడమనిషి ఒళ్ళొచ్చినప్పుడు కొలిస్తేనే జాకెట్టు నిలబడతాదన్నా. బక్కగా ఉన్నప్పుడు కొలిస్తే బిడ్డ పుట్టినాక ఎట్టా?’ అన్నాడు. ఎండ నడినెత్తికొచ్చినాక లేచినాడు. గాలి ఇంకొంచెం కొట్టించినాడు. పడవ గట్టిగా, బండ మాదిరి అయింది. అప్పుడు ఆ చిలకపచ్చ చీర నీళ్ళలో ముంచి, పిండి, గొట్టం మీద పరిచినాడు. తడి గుడ్డ గదా, ఒంటికి అంటుకున్నట్టు అంటుకుంది. గుండుసూదులు పెట్టినాడు, సుద్దతో గీసినాడు, యాడ పట్టుకునే పిడి ఉండాదో ఆడ గుర్తు, యాడ గాలి మూత ఉండాదో ఆడ గుర్తు. ముక్కు కాడ చీర ముడత పడతాంటే, నేను మనసులో ‘పడింది, దొరికినావు’ అనుకున్నా. వాడు ఆ ముడతను రెండు వేళ్ళతో పట్టుకోని, మడిచి, సూది గుచ్చి ‘ఇక్కడ డాటు వస్తాదన్నా’ అన్నాడు. డాటు! జాకెట్టు వంపుకు వేసే మడత కుట్టు, పడవకు! ఆ పిడులు బయటికొచ్చేదానికి కాజాలు తీసినాడు, చొక్కాకు బొత్తాం కాజా తీసినట్టు. అడుగున లంగాకు నాడా దోపినట్టు తాడు దోపే మడత పెట్టినాడు. ప్రతి కుట్టు లోపలా రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలినాడు, రేపు వదులు చెయ్యాలంటే కుట్టు విప్పేదానికి. కొత్త పట్ట లేదు, మళ్ళా కొనేదానికి వాళ్ళు ఒప్పుకోలేదు, నేను కుట్టి పగిలిన దాన్నే ముందర వేసుకోని ‘దేవునికి స్తోత్రం’ అని కత్తెర దించినాడు. నేను అటు తిరిగి నీళ్ళు చూస్తా నిలబడినా. నా పట్ట మీద వాడి కత్తెర పోతాంటే ఆ చప్పుడు నాకు ఈపు మీద వినపడింది. మడత నొక్కేదానికి ఇస్త్రీ పెట్టె కాదు, ఉదయగిరి చెక్క గరిటె, జేబులోంచి తీసి దాని వెనక పక్కతో నొక్కతాండాడు. పాయసం కలిపే గరిటెతో! ఇంటికొచ్చి నేనూ ప్రయత్నం చేసినా, మా ఇంట్లో గరిటె ఇరిగింది.

కూచుందమ్మా ఆ తొడుగు. ఏం చెప్పాల. పొద్దున కొంచెం వదులు, నాడా లాగితే సరిపోయింది. మధ్యాన్నం నాడా వదిలితే సరిపోయింది. అనంతసాగరం నుంచి ఆటోలు నిండి ఆడోళ్ళు వచ్చినారు, ‘పడవకు జాకెట్టు కుట్టినారంట’ అని చూసేదానికి. ఒకామె ‘ఆ డాట్లు చూడండే, నా జాకెట్టుకు గూడా ఇట్టా పడలేదు’ అనింది. మా శీనమ్మ కూడా వచ్చింది. ఒక చుట్టు తిరిగింది, ముక్కు దగ్గర నిలబడింది. చేత్తో నిమిరింది. ‘ఎంత బాగుండాదో’ అనింది. నాకు రావాల్సిన మాటది! నా కోసం నోటి దాకా వచ్చి, ‘టప్’ మన్న చప్పుడుకు వెనక్కిపోయిన మాట, పోయి పోయి వాడి ఒళ్ళో పడింది. మీ నాయన దానికి చొక్కా కాలరు సర్దుకోని, ‘అంతా మీ దయ అక్కా’ అన్నాడు. మీ దయ! అవును, మా దయే. మా చీర, మా పట్ట, మా పెళ్ళాం సిఫారసు. వాడిదేంది, గరిటె!

ఆ తర్వాత ఎన్నేళ్ళు! నేను ఏదో ఒక వంకతో సోమశిల పోయేవాణ్ణి. చేపలు కొనేదానికి అని చెప్పి. మాకు చేపలు పడవు, ఇద్దరికీ. ఆ తొడుగు చుట్టూ తిరిగి, ఒక్క కుట్టన్నా ఊడిందేమో అని చూసేది. వరదొచ్చి, ఆ పడవ లోతట్టు పల్లెలకు పోయి ముసలోళ్ళనూ పిల్లల్నీ ఎక్కించుకోని వచ్చిందని చెప్పుకున్నారు. అప్పుడూ పోయి చూసినా. బురద ఉండాది గానీ కుట్టు ఊడలేదు. నాగేంద్రబాబు నన్ను చూసినప్పుడల్లా ‘ఏం మాల్యాద్రీ, చేపలకా?’ అనేవాడు, నవ్వకుండా. చివరకు మీ నాయన పోయినాడని తెలిసి ఉదయగిరి వచ్చినా. నువ్వు నన్ను చూసుండవులే, జనంలో వెనక నిలబడినా. శవపేటిక లోపల తెల్లగుడ్డ తొడిగుండారు. తల దగ్గర ఒక ముడత ఉండాది. ఇన్నేళ్ళకు ఒక తప్పు దొరికింది, అదీ వాడు కుట్టంది. ఎవురు కుట్టినారో గానీ వాడు చూసుంటే విప్పి మళ్ళా కుట్టమని ఉండేవాడు అనుకున్నా. ఏంది? నువ్వు కుట్టినావా? ... నువ్వా? ... సరేలే. సరేలే అమ్మా. ఏడస్తా కుట్టుంటావు. ఏడస్తా కుట్టింది అట్టాగే వస్తాది. అది తప్పు కాదులే, ఊరకుండు. టీ తాగు. చక్కెర ఎక్కువేసుంటాది, పాల్ కూతురివి గదా. నా గ్లాసులో చూడు, ఒట్టి కషాయం.

ఆ మూట విప్పు, చూద్దాం. పాత తొడుగేనా? తెచ్చినావా! నేను ఆదికి తెచ్చినావేమో అనుకున్నా. పెద్ద పడవకు ఇది ఆది యాడ అవుతాది, మనిషి మారినాక. అబ్బో, వెలిసిపోయిందే. పట్ట జల్లెడ అయింది. చెయ్యి పెడితే పొడి రాలతాండాది. ఆ డాటు మాత్రం చూడు, ఇంకా నిలబడే ఉండాది, దొంగముండాకొడుకు... అయ్యో, మీ నాయన్ను గదా అన్నా, ఏమీ అనుకోబాకు, అలవాటు. మరి ఎందుకు తెచ్చినావు దీన్ని? ఏంది? అంచు విప్పి కొత్తదానికి వెయ్యాలా? కొత్త అంచు వేసుకోకుండా ఈ పాతది ఎందుకు? ... ఎవురు చెప్పినారు? మీ నాయనా? ఏమని? ... మళ్ళా చెప్పు. ఆ గిన్నెల చప్పుడులో సరిగ్గా వినపడలే. ఏమే, ఆపు కాసేపు!

‘ఎప్పుడు కొత్తది కుట్టినా ఆ రింగుల అంచు మాత్రం మార్చబాకండి, అది ఆత్మకూరు కుట్టు, అట్టాంటిది నాకు రాదు’ అన్నాడా? నీతో అన్నాడా? నవ్వతా కాదు గదా? మామూలుగానే అన్నాడా? ... ఇటియ్యి, కళ్ళజోడు యాడ పెట్టినా. ఆ, చెవికే ఉండాది. చూడనీ. ... ఔను. ఇది నాదే. మైనం దారం. రెండు వరసలు. రింగు చుట్టూ చేతి కుట్టు. ఒక్క రింగు ఊడలేదు. పట్టంతా కోసి ముక్కలు చేసినాడు అనుకున్నానే, నేను అటు తిరిగి ఉంటినే, ఈ అంచు మటుకు కత్తెర తగలనీకుండా చుట్టూ తీసి, మళ్ళా తన దానికి కలిపినాడన్నమాట. నేను అన్నిసార్లు పోయి దాని చుట్టూ తిరిగినా గదా? వాడి కుట్టులో తప్పు వెతికేదాంట్లో, నా కుట్టును నేను చూసుకోలేదు.

ఏమే శీనమ్మా, విన్నావా? ఏంది? ‘నాకు అప్పుడే తెలుసు’ అంటావా? నిమిరింది ముక్కును కాదా? అంచునా? మరి ఎందుకు చెప్పలేదే ఇన్నేళ్ళు? ... ‘నువ్వు అడిగినావా’ అంట. చూసినావా సుజనమ్మా. చూసినావా మీ నాయన చేసిన పని. నా కుట్టు బాగుండాదని అన్న మొదటి మనిషి ఎవురయ్యా అంటే వాడు! అందులోనూ నాకంటే ముందే! ఇప్పుడు నేను యాడికి పోయి కుళ్ళుకోవాల? మంచితనంలో గూడా నన్ను ఒక జానెడు దాటి పోయినాడు, పోయి, ఇంక పట్టుకునేదానికి లేకుండా మన్నులో పడుకున్నాడు.

...

సరే. ఆ అంచు నేను విప్పుతా, పెద్ద పడవకు చాలకపోతే మిగతాది నేనే కుడతా, నువ్వు ముట్టుకోబాకు, జాకెట్లు కుట్టే నీ చేతులకు రింగు కాడ తెగుతాది. మిషన్ వాడుకో. ఆ పెడలు మెల్లగా తొక్కాల, దున్నపోతు అది, అదిలిస్తే ఎదురొస్తాది. పడవ సోమశిల గట్టు మీదే గదా ఉండాది? రేపు పోదాం. పొద్దున కాదు! మధ్యాన్నం, ఎండెక్కినాక. ఆది లేకుండా కత్తెర పెట్టొద్దు. దానికి మెత్తబడిన పాత చీర కావాల, పెద్దది, వంపుకు వంగేది... ఏమే శీనమ్మా, ఆ పెట్టె తెరిచి నీ పాత చీర ఒకటి తీసియ్యి, నాకే, నేనే అడగతాండా, పడవకు...

ఏంది?

విన్నావా సుజనమ్మా? నా లుంగీ తీసుకుపోమంటాండాది.